వెబ్లీ గాలి పిస్టళ్లు: పాత సీనియర్, కొత్త టెంపెస్ట్

బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ సంస్థ 1924లో విడుదల చేసిన మార్క్ 1 గాలి పిస్టల్ అమరికే, అర్ధ శతాబ్దం తరువాత 1979లో వచ్చిన టెంపెస్ట్‌లోనూ కొనసాగడం నాకు ఎంతో విశేషంగా తోస్తుంది. ఇందులో గుండు వెళ్లే గొట్టం, గాలిని నలిపే సిలిండరు పైన ఉంటుంది. దాని వెనుక కొసను పైకెత్తి ముందుకు తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కగానే పిస్టన్ ముందుకు కాక గురిచూసేవారి వైపు దూసుకొస్తుంది, నలిగిన గాలి వెనుకనున్న రంధ్రం గుండా పైకి చేరి గుండును తోస్తుంది. ఈ మడత దారి వల్లనే పిస్టల్ పొట్టిగా ఉన్నా గొట్టానికి తగినంత పొడవు దక్కింది.

మార్క్ 1 పిడి దాదాపు నిటారుగా ఉండేది. 1930లో వచ్చిన సీనియర్ నమూనాకు ఆ తరువాత పిడిని ఏటవాలుగా మలచడంతో అది మణికట్టుకు సహజంగా ఒదిగింది. నా దృష్టిలో ఈ వంశంలో జరిగిన అతి పెద్ద మేలు ఇదే. టెంపెస్ట్‌కు భద్రతా మీట, సవరించుకోగల వెనుక గురి ఉన్నాయి కాబట్టి, లక్ష్యసాధన నేర్చుకునేవారికి నేను దానినే సూచిస్తాను. అయితే దాని దేహం పోతపోసిన మిశ్రలోహం, పైన నల్లని పూత; సీనియర్ ఉక్కుపై నీలిరంగు మెరుగును చూసిన కంటికి అది ఆనదు.

రెండింటిలోనూ గుండు బయటపడక ముందే పిస్టన్ కదలిక చేతిని కుదుపుతుంది కనుక, ప్రతిసారీ ఒకే తీరున, బిగించకుండా పట్టుకోవాలి. 2005లో బర్మింగ్‌హామ్ కర్మాగారం మూతపడిన తరువాత ఈ తయారీ టర్కీకి మారింది.