స్టాంపు కాగితం మీద పంచాయితీ

ఈరోజు మాచర్ల అవతల తండా నుంచి ఒకావిడ గుంటూరు వచ్చింది, అరండల్‌పేటలో మా సీనియర్ లాయరు గారి ఆఫీసుకి. తండ్రి పోయాడు, పొలం మొత్తం అన్న పేరు మీదకి మారిపోతోంది. పంచాయితీ పెట్టించుకుంటే మనలో ఆడపిల్లకి భూమి ఇచ్చే ఆచారం లేదని తేల్చేశారట. "నన్ను నోరు తెరవనివ్వలేదు మేడం" అంటూ ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసింది. వంద రూపాయల స్టాంపు పేపరు. కింద తండా పెద్ద నాయక్, పెద్దమనుషులు, అన్న సంతకాలు. ఈవిడ పేరుకెదురుగా ఖాళీ. ఆచారం నిలబెట్టుకోవడానికి వాళ్లకీ సర్కారు స్టాంపే కావాల్సి వచ్చింది.

మధ్యాహ్నమంతా దీనిమీదే కూర్చున్నా. మన రాష్ట్రంలో కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది, కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప అది షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. ఈవిడ లంబాడీ, లంబాడీలు ఇక్కడ ఎస్టీలు. పక్క ఊరి రైతు కూతురికి ఉన్న హక్కు ఈవిడకి ఆ చట్టంలో దొరకదు. పోనీ వాళ్ల పంచాయితీకైనా చట్టంలో చోటుందా అంటే, ఆచారం ప్రకారం తగవులు తీర్చుకునే పద్ధతిని గుర్తించిన 1996 పెసా చట్టం రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ప్రకటించిన గిరిజన ప్రాంతాలకే, పల్నాడు తండాలు అందులో లేవు.

ఆశంతా 2025 జూలై నాటి సుప్రీంకోర్టు తీర్పు మీదే. ఛత్తీస్‌గఢ్‌లో ఒక గోండు కుటుంబం, తాత ఆస్తిలో తల్లి వాటా అడిగారు. ఆడవాళ్లకి ఇచ్చే ఆచారం ఉందని మీరే రుజువు చేయండని కింది కోర్టులు కొట్టేశాయి. ఇవ్వకూడదనే ఆచారం రుజువు కానప్పుడు సమానత్వమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు వాటా ఇప్పించింది. రుజువు చేయాల్సిన బరువు వాటా ఇవ్వమనే వాళ్ల వైపుకి మారింది, నాకు ఇదే చాలా పెద్ద విషయం.

పంచాయితీలంటే నాకు చిన్నచూపు లేదు. కోర్టులో ఏళ్లు పట్టే గట్టు తగాదాని వాళ్లు ఒక్క పూటలో తేల్చేస్తారు, ఎవరి దగ్గరా అప్పు చేయక్కర్లేదు. కానీ ఆచారం ఏమిటో చెప్పేది మగవాళ్లేనా? తండాలో ముసలమ్మలని ఎవరైనా అడిగారా?

పేరు మార్పు ఆపమని తహసీల్దారుకి అభ్యంతరం రాసిస్తూ, మీ వాళ్లలో ఎప్పుడైనా ఆడపిల్లకి భూమి ఇచ్చారా అని అడిగా. "మా మేనత్తకి పెళ్లప్పుడు ఎకరం ఇచ్చారు కదమ్మా, ఇప్పటికీ మిరప వేస్తుంది" అంది వెంటనే. సోమవారం మేనత్తని పాసుపుస్తకంతో సహా తీసుకురమ్మన్నా.