మూల నక్షత్రం దిక్కున

తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే మెలకువొచ్చింది. చాప తీసుకుని మిద్దెక్కాను. కుప్పం అంతా చీకటి. దక్షిణాన తేలు కొండి, అక్కడే మూల నక్షత్రం, పక్కనుంచి పైకి లేచిన పాలవెల్లి. మన గెలాక్సీ నడిబొడ్డు దాదాపు ఆ దిక్కునే. మూల అన్న పేరు ఎంత బాగా కుదిరిందో!

నిన్న క్లాసులో విశ్వకిరణాల (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే అతివేగపు కణాల) గురించి చెబుతుంటే ఒకమ్మాయి, "అవి ఎక్కడ పుడతాయో కనిపెట్టలేరా మేడమ్?" అంది. ఇంతలో బెల్లయింది. జవాబు పడుకునే కూడబలుక్కున్నాను.

విశ్వకిరణాలకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అయస్కాంత క్షేత్రాలు వాటిని దారి పొడవునా వంకర్లు తిప్పేస్తాయి. మనల్ని చేరేసరికి పుట్టిల్లు ఏ దిక్కో తెలీదు. అవే పాలవెల్లిలోని వాయువును గుద్దుకుంటే పయాన్లనే క్షణికమైన కణాలు పుడతాయి. ఆవేశం లేని పయాన్ల నుంచి గామా కిరణాలు, ఉన్నవాటి నుంచి న్యూట్రినోలనే అతి తేలికైన కణాలు వస్తాయి. న్యూట్రినోకు ఆవేశం లేదు, అందుకే దారి తప్పదు. దాదాపు దేనికీ ఆగదు కూడా, అదే చిక్కు. ఎప్పుడో ఒకటి మంచులో గుద్దుకుంటే చిన్న మెరుపు పుడుతుంది.

అందుకే దక్షిణ ధ్రువంలో ఘన కిలోమీటరు మంచులోకి 5,160 కాంతి గ్రాహకాలు దించారు. అదే ఐస్‌క్యూబ్. అక్కడ గెలాక్సీ కేంద్రం ఎప్పుడూ దిగంతానికి పైనే ఉంటుంది, విశ్వకిరణాలు గాలిని గుద్దుకుంటే పుట్టే మ్యూవాన్లనే కణాలూ పైనుంచే కురిసి, వెతికేదాన్ని కప్పేస్తాయి. మ్యూవాన్ మంచులో పొడుగాటి గీత గీస్తుంది. కనుక కొన్ని న్యూట్రినోలు వదిలే గుండ్రటి మెరుపుల్నే ఏరుకున్నారు. వాటి దిక్కు మసకే. పదేళ్లలో దొరికిన సుమారు 60,000 మెరుపుల్ని మెషీన్ లెర్నింగ్‌తో జల్లెడ పట్టి, 2023 జూన్‌లో పాలవెల్లి కనిపించిందన్నారు. 4.5 సిగ్మా, అంటే అది కాకతాళీయం అయ్యే అవకాశం చాలా చాలా తక్కువ. ఫలానా న్యూట్రినో మన గెలాక్సీదేనని ఏ ఒక్కదాన్నీ చూపలేరు, అన్నీ కలిస్తేనే ఆ పట్టీ తేలింది.

వెలుగులో చూస్తే ఆకాశంలో మన గెలాక్సీదే పెత్తనం. అంతరిక్షం నుంచి వచ్చే ఈ న్యూట్రినోల్లో మాత్రం మన వాటా పదో వంతుకు అటూ ఇటూ. మిగతావన్నీ ఎక్కడో దూరపు గెలాక్సీలవి. ఇవాళ క్లాసులో ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త వణికింది.

తాత కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు. 1965లో అక్కడే, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్‌ఆర్) వాళ్లు జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి, గాలిలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. క్లాసులో అది కూడా చెప్పాను.

"ఆ గని ఇప్పుడుందా మేడమ్?"

2001లో మూసేశారు. ఇక్కడి నుంచి దూరమేం కాదు. వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి, బయటినుంచైనా చూపించాలి.