పాత ఎమ్3లో సీఐసీ పెట్టించిన కథ

2008 మోడల్ బీఎండబ్ల్యూ ఎమ్3 కూపే కొన్నవాళ్లెవరూ ఇంజన్ గురించి ఫిర్యాదు చేయరు. 4 లీటర్ల వీ8, 414 హార్స్‌పవర్, 8,400 ఆర్‌పీఎమ్ దాకా గోల చేస్తూ ఎక్కే సూది. చిరాకంతా డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంటుంది. పాటలూ మ్యాపూ ఫోనూ కారు సెట్టింగులూ అన్నీ ఒక నాబ్‌తో నడిపే బీఎండబ్ల్యూ స్క్రీను వ్యవస్థని ఐడ్రైవ్ అంటారు. ఆ ఏడాది కార్లలో వచ్చిన ఐడ్రైవ్ పేరు సీసీసీ. మ్యాపు డీవీడీ మీద నుంచి చదువుతుంది, నాబ్ తిప్పితే కాసేపు ఆలోచించి కదులుతుంది, బ్లూటూత్‌లో ఫోన్ మాట్లాడనిస్తుంది కానీ పాట వినిపించదు. 2008 సెప్టెంబర్ నుంచి తయారైన కార్లకి కంపెనీ సీఐసీ అనే కొత్త తరం యూనిట్ పెట్టింది. హార్డ్ డిస్కు, పదునైన స్క్రీను, చకచకా నడిచే మెనూలు. నా కారు ఫ్యాక్టరీ నుంచి బయటపడింది మార్చిలో. ఆ కొద్ది నెలల తేడా ఎప్పుడూ మనసులో గుచ్చుతూనే ఉండేది.

మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఇక్కడ మనవాళ్లలో ఇలాంటి పాత స్పోర్ట్స్ కారు పిచ్చి ఉన్నవాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువే. ఎవరినడిగినా మొదట వచ్చే సలహా ఒకటే: "ఆండ్రాయిడ్ స్క్రీను తగిలించెయ్యి, చవగ్గా అయిపోతుంది." తప్పు సలహా కాదు. ఆ స్క్రీన్లు అసలు స్క్రీను ఉండే చోటే కూర్చుంటాయి, ఐఫోన్ యాప్‌లని కారు స్క్రీను మీద చూపించే కార్‌ప్లే వస్తుంది. కానీ వాటి కింద పాత సీసీసీ అలాగే బతికుంటుంది. రేడియో కావాలన్నా, కారు సెట్టింగులు కావాలన్నా మళ్లీ ఆ ముసలి మెనూలోకి దిగాల్సిందే. పాట ఆక్స్ ఇన్‌పుట్ గుండా వస్తుంది. పైగా ఎమ్3కి ఇంకో లంకె ఉంది. స్టీరింగ్ మీద ఎమ్ బటన్ నొక్కితే ఏం జరగాలో, అంటే యాక్సిలరేటర్ ఎంత చురుగ్గా ఉండాలి, స్టీరింగ్ ఎంత బరువుగా ఉండాలి, ట్రాక్షన్ కంట్రోల్ ఎంత వదలాలి అన్నవన్నీ ఐడ్రైవ్‌లోని ఎమ్‌డ్రైవ్ మెనూలోనే పెట్టుకోవాలి. అందుకే నాకు కారుతో పుట్టినట్టుండే యూనిట్టే కావాలనిపించింది. నావిగేషన్ కోసం మాత్రం ఎవరూ సీఐసీకి డబ్బు పెట్టకండి. ఆ మ్యాపులు ఎంత కొత్తవి ఎక్కించినా ఫోన్ ముందు నిలవవు.

కావాల్సిన సామాను: సీఐసీ హెడ్ యూనిట్, దానికి తగిన 8.8 అంగుళాల స్క్రీను, 7 బటన్ల కొత్త నాబ్, మధ్యలో కలిపే తీగల కట్ట (హార్నెస్), బ్లూటూత్‌లో పాటల కోసం కాంబాక్స్ అనే మాడ్యూలు. స్క్రీను విషయంలో ఒక తిరకాసుంది. నా పాత స్క్రీను కూడా 8.8 అంగుళాలే, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. కానీ పాతదాని రిజల్యూషన్ 640 బై 240, కొత్తది 1280 బై 480. పాత స్క్రీను ఉంచేసుకుని యూనిట్ ఒక్కటి మారుద్దామంటే కుదరదు. చాలామంది అమ్మకందార్లు యూనిట్, స్క్రీను విడివిడిగా అమ్ముతారు కాబట్టి కొనేముందు పార్ట్ నంబర్ ఫొటో అడిగి తెప్పించుకోవడం మేలు.

కార్లు విప్పి సామాన్లమ్మే యార్డుల్లో సీఐసీ సులువుగానే దొరుకుతుంది. దొరికినంత సులువుగా పని చెయ్యదు. ఆ యూనిట్ తాను పుట్టిన కారు చాసిస్ నంబర్లో చివరి 7 అక్షరాలు గుర్తుపెట్టుకుంటుంది. దాని ఫీచర్లు తెరిచే ఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు కూడా ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. వేరే కారులో పెడితే నాది కాని ఇల్లని మొరాయిస్తుంది. దీనికి రెండు దారులు. ఒకటి, ఎమ్యులేటర్ అనే చిన్న డబ్బాని, కారులోని మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ తీగల మధ్యలో పెట్టడం. అది యూనిట్‌కి "నువ్వింకా పాత కారులోనే ఉన్నావు" అని నమ్మబలుకుతూ కూర్చుంటుంది. రెండోది, యూనిట్‌ని ముందే మన చాసిస్ నంబరుకి మార్చి, ఎఫ్‌ఎస్‌సీలతో సహా అమ్మేవాళ్ల దగ్గర కొనడం. ఖరీదెక్కువైనా నేను రెండోదే పట్టుకున్నాను. అబద్ధం చెప్పే డబ్బా ఒకటి సీటు ముందు ఎప్పటికీ ఉండిపోవడం నాకు నచ్చలేదు. రేపెప్పుడైనా ఏదైనా లోపం వస్తే తప్పు యూనిట్‌దా, ఎమ్యులేటర్‌దా అని తేల్చుకోవడం ఇంకో తలనొప్పి. అన్నీ కలిపి 1,000 డాలర్లు దాటింది. మా ఆవిడకి ఆ అంకె చెప్పినప్పుడు "పాట వినడానికాండీ?" అని ఒక్క మాటే అడిగింది.

విప్పే పని గురించి పెద్దగా చెప్పను, వీడియోలు బోలెడున్నాయి. ప్లాస్టిక్ పట్టీలు మెల్లగా లాగితే ఊడొస్తాయి, వెనక కొన్ని టార్క్స్ స్క్రూలు. టెక్సాస్ వేసవిలో గరాజ్‌లో మధ్యాహ్నం ఈ పనికి దిగితే మనిషి ముందు కరుగుతాడు గానీ ప్లాస్టిక్ మాత్రం వేడికి కాస్త మెత్తబడుతుంది, విరగకుండా వస్తుంది. అదొక్కటే లాభం. పదిహేనేళ్లు ఎండలో నానిన కారు పట్టీలని చలికాలం పొద్దున్నే లాగకండి.

నిదానంగా చెయ్యాల్సింది మోస్ట్ తీగ దగ్గర. ఈ కార్లలో హెడ్ యూనిట్, యాంప్లిఫయర్, ఫోన్ మాడ్యూలు, శాటిలైట్ రేడియో అన్నీ ఒక ఆప్టికల్ ఫైబర్ వలయంలో ఉంటాయి. ధ్వని కరెంటుగా కాదు, వెలుగుగా ఒకదాన్నుంచి ఇంకోదానికి తిరుగుతుంది. వలయంలో ఒక్క చోట తెగినా మొత్తం నోరు మూసుకుంటుంది. పాత యూనిట్ వెనకున్న పెద్ద కనెక్టర్లో ఒక మూలన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, రెండు సన్నటి తీగలు అందులోకి దూరతాయి. ఆ ముక్కని జారుస్తూ బయటికి తీసి, కొత్త హార్నెస్ కనెక్టర్లో కూర్చోబెట్టాలి. కారు ఆన్‌లో ఉన్నప్పుడు ఆ తీగల కొన చూస్తే ఒకదానిలో ఎర్రటి చుక్క మిణుకుమంటుంది. అది కనిపించిందంటే వెనకాల ఉన్న మాడ్యూలు ప్రాణంతో ఉన్నట్టు. ఆ తీగని 25 మిల్లీమీటర్ల కంటే చిన్న మలుపు తిప్పకూడదు. మామూలు వైరులా మడిచి మూలకి తోసేస్తే వెలుగు అక్కడే కారిపోతుంది.

కొత్త యూనిట్ కూర్చుంది, స్క్రీను వెలిగింది, మెనూ నాబ్‌తో పాటే పరుగెత్తింది. పాట మాత్రం లేదు. స్పీకర్లలో చిన్న గుసగుస కూడా లేదు. కారణం ఊహించిందే. డిక్కీలో ఎడమ పక్క ప్యానెల్ వెనకున్న పాత ఫోన్ మాడ్యూలు విప్పి ఉంది, దాని స్థానంలోకి రావాల్సిన కాంబాక్స్ ఇంకా దారిలోనే ఉంది. వలయం అక్కడ తెగి ఉంది. దీనికి లూప్ కనెక్టర్ అని నాలుగు డాలర్లు కూడా చెయ్యని ప్లాస్టిక్ ముక్కొకటి దొరుకుతుంది. లోపలికొచ్చిన వెలుగుని తిరిగి బయటికి పంపడమే దాని పని. అది పెట్టగానే యాంప్లిఫయర్ మేలుకుంది. ఈ పనికి దిగేవాళ్లు ఆ ముక్క ఒకటి జేబులో వేసుకోండి. ఏ మాడ్యూలు పాడైందో వెతకాలన్నా ఒక్కొక్కదాన్ని దాంతో దాటేస్తూ పోవచ్చు.

ఇంతవరకూ చేతిపని. నన్ను నిజంగా కూర్చోబెట్టింది ఆ తర్వాత. స్క్రీను మీద అన్నీ ఉన్నాయి, ఎమ్‌డ్రైవ్ లేదు. కాంబాక్స్ వచ్చాక బిగిస్తే దాని సంగతి కారుకే తెలియదు. ఫోన్ జత చెయ్యబోతే అసలా మెనూయే కనబడలేదు. ప్రతి బీఎండబ్ల్యూలో వెహికల్ ఆర్డర్ అనే జాబితా ఉంటుంది. ఈ కారుకి ఫ్యాక్టరీలో ఏమేం పెట్టారో మూడేసి అక్షరాల కోడ్‌లలో అందులో రాసి ఉంటుంది. ఈ తరం ఎమ్3లో అది రెండు చోట్ల దాచి ఉంటుంది: తాళం సంగతి చూసే సీఏఎస్‌లో ఒకటి, లైట్లూ అద్దాలూ చూసే ఎఫ్‌ఆర్‌ఎమ్‌లో ఇంకోటి. కోడింగ్ సాఫ్ట్‌వేర్ ఈ జాబితా చూసే ఏ మాడ్యూలు ఎలా ప్రవర్తించాలో నిర్ణయిస్తుంది. కొత్త కోడలు ఇంట్లో తిరుగుతున్నా రేషన్ కార్డులో పేరెక్కేదాకా ఆమె వాటా బియ్యం రాదు కదా, అదీ ఇక్కడి పరిస్థితి.

దీనికి మా బావమరిదిని పిలిచాను. ప్లేనోలో ఉంటాడు, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ పని. వస్తూనే బానెట్ వైపు చెయ్యి చూపించాడు.

"బావా, ముందు పవర్ సప్లై తగిలించు. ఆ తర్వాతే నేను ల్యాప్‌టాప్ తెరుస్తా."

"బ్యాటరీ కొత్తదేరా, పోయిన నెలే వేయించాను."

"కొత్తదైనా సరే. ఇగ్నిషన్ ఆన్ పెట్టి గంటసేపు ఆడతాం. మధ్యలో వోల్టేజీ పడిందంటే ఎఫ్‌ఆర్‌ఎమ్ పోతుంది. అద్దాలు దిగవు, ఇండికేటర్లు వెలగవు. అప్పుడక్కయ్యకి నువ్వే చెప్పుకోవాలి."

వాడన్నది నిజమే. ఈ కార్ల ఎఫ్‌ఆర్‌ఎమ్ వోల్టేజీ పడిపోతే లోపలి జ్ఞాపకాన్ని పాడు చేసుకోవడంలో పేరుమోసింది. మామూలు ట్రికిల్ చార్జర్ చాలదు, 13 వోల్టులకి పైన స్థిరంగా నిలబెట్టే పవర్ సప్లై ఉండాలి.

వాడు తెచ్చింది పాత విండోస్ ల్యాప్‌టాప్, అందులో ఎన్‌సీఎస్ ఎక్స్‌పర్ట్ అనే బీఎండబ్ల్యూ కోడింగ్ సాఫ్ట్‌వేర్. ఒక కొస కారు లోపాలు చదవడానికి వాడే ఓబీడీ పోర్టుకి, ఇంకో కొస యూఎస్‌బీకి ఉండే కే-డీక్యాన్ కేబులు. విండోస్‌లో ఆ కేబుల్ కామ్ పోర్టు సెట్టింగుల్లోకి వెళ్లి డేటా పంపే ముందు ఎంతసేపు ఆగాలో చెప్పే లేటెన్సీ టైమర్‌ని 1కి దించాడు. అది దించకపోతే చదవడం మధ్యలో తెగిపోతుందట. సాఫ్ట్‌వేర్ మెనూలన్నీ జర్మన్‌లో ఉంటాయి. కాసేపటికి భాష రాకపోయినా బటన్ల చోటు గుర్తుండిపోతుంది.

మొదట చేసిందేమిటంటే ఏదీ మార్చకుండా ఉన్నదున్నట్టు చదివి, సీఏఎస్, ఎఫ్‌ఆర్‌ఎమ్, పాత కోడింగ్ ఫైళ్లన్నీ రెండు పెన్‌డ్రైవుల్లో దాచడం. తర్వాత జాబితాలో యూఎస్‌బీకి 6ఎఫ్‌ఎల్, కాంబాక్స్‌కి 6ఎన్‌ఆర్ చేర్చాడు. అయినా ఇంకో అడ్డం ఉంది. అదే ఆర్డర్లో కారు తయారైన నెల కూడా ఉంటుంది. నా కారుది 2008 మార్చి. ఆ తేదీ చూడగానే సాఫ్ట్‌వేర్ "ఈ నెల కార్లకి సీఐసీ లేదు" అనుకుని పాత లెక్కలే పట్టుకుంటుంది. కాబట్టి సీఐసీని, కాంబాక్స్‌ని కోడ్ చేసే ముందు ల్యాప్‌టాప్‌లో ఆ నెలని ముందుకి జరపాలి. దాన్ని కారులోకి రాయం, ఆ మాడ్యూళ్లు కోడ్ అయ్యేంత వరకే. నెలల తేడాతో నన్నింతకాలం ఏడిపించిన తేదీని వాడు రెండు అంకెలు కొట్టి మార్చేశాడు. నాకది చాలా తృప్తిగా అనిపించింది.

కోడింగ్ నడిచేటప్పుడు కారు చేసే హడావుడి మొదటిసారి చూస్తే గుండె జారుతుంది. డ్యాష్ మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, ఫ్యాను ఉధృతంగా తిరుగుతుంది, స్క్రీను నల్లబడుతుంది. అప్పుడు ముట్టుకోకూడదు. చివర్లో స్క్రీను మళ్లీ వెలిగి, సెట్టింగుల్లో ఎమ్‌డ్రైవ్ కనబడింది. బావమరిది వెంటనే దిగలేదు. ఎమ్ బటన్‌కి ఏమేం పెట్టాలో వాడే నింపాడు, యాక్సిలరేటర్‌ని అన్నిటికంటే చురుగ్గా చేసే స్పోర్ట్ ప్లస్‌తో సహా. ఆ పనికి నాకంటే వాడికే తొందరెక్కువ.

ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట మోగుతోంది. దారి చెప్పే పని ఫోన్‌దే, దాని గొంతు కూడా ఆ దారినే స్పీకర్లలోకి వస్తుంది. కార్‌ప్లే కావాలనుకుంటే సీఐసీ వెనకాల తగిలించే ఇంటర్‌ఫేస్ డబ్బాలున్నాయి, ఇప్పటికైతే నాకు అవసరం కనబడలేదు. యూఎస్‌బీ తీగని డిక్కీలోని కాంబాక్స్ నుంచి ఆర్మ్‌రెస్ట్ దాకా లాగడం ఒక్కటే ఒళ్లు నొప్పి పుట్టించిన పని. వెనక సీటు తీయక తప్పదు. సీటు కింద పాత యజమాని పిల్లల క్రేయాన్లు కూడా దొరికాయి.

వర్క్‌షాపులో ఎవరైనా ఈ కారుని మళ్లీ ప్రోగ్రామ్ చేస్తే మన కోడింగ్ అంతా చెరిగిపోతుందని కొందరు భయపెడతారు. ఆ ప్రోగ్రామింగ్ కూడా కారులోని ఆర్డర్ చూసే నడుస్తుంది. అందుకే 6ఎఫ్‌ఎల్, 6ఎన్‌ఆర్‌లని ల్యాప్‌టాప్‌లో వదిలెయ్యకుండా సీఏఎస్‌లోనూ ఎఫ్‌ఆర్‌ఎమ్‌లోనూ రాయించాను. తేదీ మాత్రం పాతదే ఉంది కనుక సర్వీసుకి ఇచ్చేటప్పుడు "ప్రోగ్రామింగ్ చెయ్యొద్దు" అని కాగితం మీద రాసి ఇస్తున్నాను. పాత సీసీసీ, స్క్రీను, నాబ్ అమ్మలేదు. పెన్‌డ్రైవొకటి వాటితోపాటే అట్టపెట్టెలో పెట్టి గరాజ్ అల్మరాలో ఉంచాను. తర్వాత కొనేవాడు ఫ్యాక్టరీలో పుట్టినట్టే కావాలంటే పెట్టెతో సహా ఇచ్చేస్తా.