సాల్సాలో ఫాలో చేయడం: చలికాలపు సాధన వివరాలు

ఈ చలికాలమంతా, జంటగా ఆడే లాటిన్ నృత్యమైన సాల్సాలో నా సాధన కొత్త కదలికల జోలికి పెద్దగా పోకుండా, లీడర్ (కదలికను నడిపే జోడీ) చేతి నుంచి సూచన అందేదాకా తర్వాతి అడుగును ఊహించకుండా ఆగడం మీదే సాగింది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. అక్కడ జతి మొత్తం కంఠస్థమై, రాబోయే అడుగు ఏదో కాళ్లకు ముందే తెలిసిపోయేదాకా సాధన చేయిస్తారు. సాల్సాలో ఫాలోయర్, అంటే ఆ సూచనను అనుసరించే వ్యక్తి, తన అడుగును తాను పూర్తిగా వేసి, ఏ వైపుకైనా కదలగలిగే స్థితిలో నిలబడాలి. ఆ పైన ఏం జరుగుతుందో ఆమెకు ముందుగా తెలియకపోవడమే మంచిది. మన నాట్యం నుంచి ఇటు వచ్చేవారికి పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

నేనుండేది జెర్సీ సిటీలో కాబట్టి, ఆఫీసు అయ్యాక పాత్ రైలెక్కి మన్‌హాటన్ వెళ్లి నేర్చుకుంటున్నది న్యూయార్క్ పద్ధతి, అంటే రెండో లెక్క మీద దిశ మార్చే ‘ఆన్ టూ’. నృత్య గురువు ఎడ్డీ టోరెస్ బోధన ద్వారా విస్తృతంగా ప్రచారంలోకి వచ్చిన ఈ ఎనిమిది లెక్కల వరుసలో ఫాలోయర్ 1కి కుడికాలు చిన్నగా ముందుకు వేసి, 2కి ఎడమకాలు ముందుకు వేసి, 3కి బరువును తిరిగి కుడికాలి మీదికి తెచ్చుకుంటుంది. 5కి ఎడమకాలు వెనక్కి, 6కి కుడికాలు ఇంకా వెనక్కి వేసి, 7కి బరువును ఎడమకాలికి మారుస్తుంది. 4, 8 లెక్కల్లో అడుగు లేదు. ఆదితాళంలోనూ ఎనిమిది అక్షరాలే ఉన్నా, 4, 2, 2గా విడిపోయే ఆ నడకకు అలవాటుపడిన చెవికి, నాలుగేసి లెక్కల రెండు సమభాగాలుగా నడిచే ఈ లయ కుదురుకోవడానికి కొంత కాలం పట్టింది. అడుగు లేని ఆ రెండు లెక్కల మీదా కాంగా అనే పొడవాటి డోలు గుమ్ముగుమ్ముమని రెండేసి దెబ్బలు పలుకుతుంది. 2, 6 లెక్కల మీద మాత్రం పదునైన చరుపు వినిపిస్తుంది. జానీ పచేకో, జెర్రీ మసూచీ 1964లో న్యూయార్క్‌లో స్థాపించిన ఫానియా రికార్డ్స్ అనే సాల్సా పాటల సంస్థ వారి పాత పాటలను రైల్లో వింటూ, ఆ చరుపును పట్టుకుని లెక్క కట్టడం నా నిత్యకృత్యం. లెక్క చెవిలో స్థిరపడ్డాకే నా ధ్యాస లీడర్ చేతి మీద నిలవడం మొదలైంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఫ్రేమ్‌కే, అంటే జోడీని పట్టుకునే చేతుల, భుజాల అమరికకే, ఇచ్చాను, ఇవ్వదగినది కూడా అదేనని నా అభిప్రాయం. మోచేతులు పక్కటెముకలకు కొంచెం ముందుండాలి, భుజాలు చెవులవైపు లేవకూడదు, వేళ్లు లీడర్ వేళ్ల మీద కొక్కెంలా ఆనాలి, బొటనవేలు మాత్రం ఎప్పుడూ బిగించకూడదు. బొటనవేలు బిగిస్తే తిరిగేటప్పుడు ఇద్దరి మణికట్లకూ ప్రమాదం. చేతిలో ఎంత బిగువుండాలన్నది మాటల్లో చెప్పడం కష్టం. బావిలో చేద తాడు వదులుగా ఉంటే నీళ్లు నిండాయో లేదో చేతికి తెలియనట్లే, ఫాలోయర్ చేయి వదులుగా వేలాడితే లీడర్ ఉద్దేశం ఆమె శరీరందాకా రాదు. దీనికోసం తరగతి తర్వాత ఖాళీ హాలులో ఒక సాధన చేస్తున్నాము: ఇద్దరం అరచేతులు ఆనించుకుని, సంగీతం లేకుండా, నేను కళ్లు మూసుకుని, లీడర్ ఎటు నడిస్తే అటు నడవడం, ఆగితే ఆగడం. ఆగినప్పుడు నా వైపు నుంచి ఒక్క అడుగు కూడా అదనంగా పడకూడదు.

లీడర్ దారి ఇవ్వగా ఫాలోయర్ అతని ముందు నుంచి అవతలికి దాటే క్రాస్ బాడీ లీడ్‌లో ఈ సాధన ఫలితం స్పష్టంగా కనిపిస్తోంది. 6కి కుడికాలు వెనక్కి వెళుతుంది, ఆ సమయంలోనే లీడర్ పక్కకు తొలగి దారి ఇవ్వడం మొదలుపెడతాడు, 7కి నా బరువు ఎడమకాలి మీదికి వస్తుంది. దారి కనబడింది కదా అని అప్పుడే దాటడానికి సిద్ధమైపోతే అది కళ్లతో చేసిన ఊహ అవుతుంది. 8లో, అంటే అడుగు లేని ఆ ఖాళీలో, చేతికి అందే సూచనే అసలు విషయం. చేయి నడుము ఎత్తులో ముందుకు సాగితే 1, 2, 3లో నేరుగా దాటి అవతల లీడర్ వైపు తిరగాలి. నుదుటి ఎత్తుకు లేచి ఎడమవైపు మళ్లితే దాటుతూనే ఎడమకు తిరగాలి. అసలేమీ అందకపోతే ఉన్నచోటే బేసిక్, అంటే పైన చెప్పిన మూల అడుగులు, వేయాలి. ఇప్పుడు మధ్యస్థ వేగంలో ఈ మూడింటినీ చేతితోనే గుర్తించగలుగుతున్నాను. నిమిషానికి 200 బీట్‌ల దరిదాపుల్లో నడిచే పాటల్లో అడుగులు బాగా చిన్నవి చేసుకుంటే తప్ప సూచనను గుర్తించే ఆ వ్యవధి దొరకదు.

పాదాల విషయంలో కూచిపూడి కొంత మేలు చేసింది, కొంత మార్చుకోవలసి వచ్చింది. మోకాళ్లు వంచి ఉంచే ఓపిక అరమండి వల్లే వచ్చింది. పాదమంతా ఆనించి గట్టిగా తట్టే పద్ధతి మాత్రం ఇక్కడ కుదరదు. ముందుపాదం మొదట నేలను తాకి, చప్పుడు లేకుండా బరువు దిగాలి. తిరిగేటప్పుడు చూపును లీడర్ ముఖం ఉండవలసిన చోట నిలిపి తలను చివరగా తిప్పడం అద్దం ముందు ఒంటరిగా సాధన చేస్తున్నాను. బూట్లు స్వెడ్ (నూగు తోలు) అడుగున్నవి, మడమ రెండు అంగుళాలు. వాటిని సంచిలో తీసుకెళ్లి హాలులోనే వేసుకోవాలి. ఈ ఊరి మంచు తడి, రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలితే స్వెడ్ పాడవుతుంది. నూగు అణగినప్పుడు తీగ బ్రష్‌తో తేలికగా దువ్వితే మళ్లీ సరైన పట్టు వస్తుంది.

శుక్రవారాల సోషల్‌లో, అంటే అందరూ కలిసి ఆడే నృత్య సమావేశంలో, పాటకొక లీడర్‌తో ఆడటం తరగతిలో దొరకని అభ్యాసం. ప్యూర్టో రికో మూలాలున్న ఒక పెద్దాయన చాలా తక్కువ కదలికలతో ఆడతారు. ఆయన వేళ్లు కదిలినట్లే ఉండవు, సూచన అంతా ఛాతీ నుంచి వస్తుంది. ఆయనతో ఆడిన పాటలోనే, చేయి అనేది ఆ కదలికను మోసుకొచ్చే దారి మాత్రమేనని నాకు బోధపడింది. ఎవరైనా చేతిని బలంగా లాగితే పాట మధ్యలోనే మర్యాదగా చెబుతున్నాను. భుజం నొప్పిని భరిస్తూ ఆడవలసిన అవసరం ఏ ఫాలోయర్‌కూ లేదు.

వచ్చే నెలలనుంచి వరుసగా రెండు కుడి తిరుగుళ్ల మీద, లీడర్ చేతులు వదిలేసినప్పుడు లెక్క తప్పకుండా సొంత అడుగులు వేసి తిరిగి అతని చేయి అందుకోవడం మీద పని చేస్తాను. రెండోదానికి ఇప్పటికే సుసీ క్యూ అనే, కాలిని అడ్డంగా దాటించే అడుగుతో మొదలుపెట్టాను.