ఊరే రాసుకున్న లెక్క

పేదల సర్వే అంటే ట్యాబ్‌లో టిక్కు పెట్టడమే అనుకుంటున్న కొత్త పిల్లలకు 'వెలుగు' అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు రోజుల సంగతి చెప్పాలనిపిస్తుంది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నడిపేందుకు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడింది. వెలుగు మొదట వచ్చిన జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. పేదలెవరో తేల్చే పని ఊరివాళ్లకే అప్పజెప్పారు. మా మండలంలో ఆ పనిలో నేనూ తిరిగాను.

నేల ఊడ్చి ముగ్గుపిండితో వీధులు, బోర్లు, బడి గీసేవాళ్లు. ఇంటికో చీటీ. నిరుపేదలు, పేదలు, మధ్యరకం, ఉన్నోళ్లు... ఏ చీటీ ఎక్కడ పడాలో అందరి ముందే తేలాలి. ఈ సమావేశం రచ్చబండ దగ్గర పెడితే ఎస్సీ ఆడవాళ్లు దూరంగా నిలబడేవారు. కాలనీలో పెడితేనే నోరు విప్పేవారు.

ఒకామెకు రెండెకరాలుందని చీటీని మధ్యరకంలో వేశారు. పక్కింటామె వంగి దాన్ని తీసి నిరుపేదల్లో పెట్టింది. "భూమి షావుకారి తాననే ఉన్నది సార్. కొడుకు బొంబాయి పోయిండు. ఏ పూటకాపూటే ఆమెకు" అంది. ఏ ఫారంలోనూ ఈ మాటకు గడి ఉండదు.

పెత్తందార్లు కూర్చున్న చోట చీటీలు అటూఇటూ జరిగేవి, అది నిజమే. అందుకే జాబితాను గ్రామసభలో పైకి చదవడం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఇప్పటి సర్వేల్లో మన ఇంటి గురించి ఏం రాసుకెళ్లారో మనకే తెలియదు.

మీ గ్రామ సమాఖ్య బీరువాలో అప్పటి పటాలు, జాబితాలు ఇంకా ఉన్నాయా? ఉంటే చెదలు పట్టకముందే భద్రం చేయండి.