బోర్డు స్కూలు వయసు ఎంత?

మా ప్రాథమికోన్నత పాఠశాల వార్షికోత్సవం ఇంకో నెల ఉందనగా హెచ్ఎం గారు పిలిచారు. "మాస్టారూ, బడి చరిత్ర, కార్యక్రమాలు, విజయాలు కలిపి వార్షికోత్సవ పుస్తకానికి నాలుగు పేజీలు రాసివ్వండి. తెలుగు పండితులు, మీకెంతసేపు!" రెండు సాయంత్రాల పని అనుకుని తలూపాను. ఇరవై ఆరు రోజులు పట్టింది.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. బడి ఎప్పుడు పెట్టారు? గేటు మీద ఒక ఏడాది ఉంది కానీ అది పాత భవనం ప్రారంభోత్సవానిది. అంతకు ముందే తమ నాన్న ఇక్కడ చదివాడని చెప్పేవాళ్లు ఊళ్లో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల నోట ఇది ఇప్పటికీ 'బోర్డు స్కూలే'.

విరిగిన బెంచీల వెనక రేకు పెట్టెలో పాత రిజిస్టర్లు దొరికాయి. అడ్మిషన్ రిజిస్టర్ మొదటి పేజీలు చెదలు తినేశాయి. మిగిలింది 143వ నెంబరు నుంచి. దాని కింద కంటింజెంట్ ఖర్చుల, అంటే చిల్లర ఖర్చుల పుస్తకం ఉంది. అందులో రోజు, నెల వేశారు గానీ సంవత్సరం వేయలేదు, మహానుభావులు. అయితే సుద్దముక్కలకు ఆరణాలు అని ఉంది. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, అంటే లెక్క అంతకు ముందుదై ఉండాలి. అణాల్లో చెప్పడం జనానికి ఆ తర్వాతా పోలేదు కాబట్టి అదొక్కటే చాలదనుకున్నాను. ముద్ర చూస్తే 'డిస్ట్రిక్ట్ బోర్డు' అని ఉంది. ఆ బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు 1959లో వచ్చాయి. ఇంకో కాగితం పైన 'మద్రాసు రాష్ట్రం' అని అచ్చయి ఉంది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. అలా ఒక్కో కాగితం మా బడి వయసు కొంచెం కొంచెం పెంచుతూ పోయింది. మండలాలు వచ్చాక వేసిన 'మండల పరిషత్' ముద్రలైతే నాకు చిన్నపిల్లల్లా కనిపించాయి.

తేదీ మాత్రం ఇంకా తేలలేదు. స్థలం దానపత్రం కోసం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. 1983కి ముందువి కంప్యూటర్‌లో రావు, పాత వాల్యూములు తిప్పి వెతకాలి. సర్వే నెంబరు తప్పు రాసుకెళ్లి ఒకసారి, సెలవు రోజున వెళ్లి ఒకసారి తిరిగొచ్చాను. మూడోసారి నకలు చేతికొచ్చింది. గేటు మీది ఏడాది కంటే పదకొండేళ్లు ముందుది! పైగా స్థలం ఇచ్చింది కరణం గారని ఊరంతా నమ్ముతుంటే, పత్రంలో ఉన్నది ఒక వితంతువు వేలిముద్ర. "అలా రాస్తే గొడవలొస్తాయేమో మాస్టారూ" అన్నారు హెచ్ఎం. నేను ఏమీ రాయలేదు, నకలు ఫొటో ఉన్నదున్నట్టు వేయించాను. ఎవరూ నోరెత్తలేదు.

కార్యక్రమాల భాగం ఒక్క పూటలో అయిపోయేదే, హాజరు పట్టీలు తెరవకపోయి ఉంటే. ఉదయం ఒక గీత, మధ్యాహ్నం దాని మీద అడ్డంగా ఇంకో గీత వేస్తాం కదా. పాత పట్టీల్లో కొన్ని పేర్లకు నెలల తరబడి ఒంటి గీతే. అన్నానికి ఇంటికి వెళ్లిన పిల్లలు మళ్లీ రాలేదన్నమాట. 2003 జనవరిలో మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ తర్వాతి పట్టీల్లో ఒంటి గీతలు వెతుక్కోవాల్సి వచ్చింది. రెండు పేజీలు పక్కపక్కన ఫొటో తీసి పెట్టాను. నాలుగు పేజీల్లో నాకు నచ్చింది అదే.

విజయాల దగ్గర నిజంగా టెన్షన్ పడ్డాను. బీరువాలో ఆటల షీల్డులు ఉన్నాయి, సరే. ఎన్ఎంఎంఎస్, అంటే పేదింటి పిల్లలకు పరీక్ష పెట్టి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పిల్లలు ఉన్నారని తెలుసు, జాబితా మాత్రం లేదు. ఎందుకంటే పరీక్ష ఎనిమిదో తరగతిలో మా దగ్గర రాస్తారు. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులు 90. ఏడాదికి పన్నెండు వేల చొప్పున డబ్బు పడేది మాత్రం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. అప్పటికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు, పేరు అక్కడి బోర్డు ఎక్కుతుంది. తర్ఫీదు మాది, ఫ్లెక్సీ వాళ్లది! పాత ఫోన్ నెంబర్లు పట్టుకుని ఇంటింటికీ చేసి పేర్లు కూర్చాను. సగం నెంబర్లు పనిచేయలేదు.

పుస్తకం చివర '1 నుంచి 142 వరకు పేర్లు దొరకలేదు, తెలిసినవారు చెప్పగలరు' అని ఒక ఖాళీ పేజీ వదిలాం. వార్షికోత్సవం నాడే ముగ్గురు పెద్దవాళ్లు మనవల చెయ్యి పట్టుకుని వచ్చి చెప్పారు. ఒక తెల్లకాగితాల నోటుబుక్కులో రాసుకుంటున్నాను. నెంబర్లు మాత్రం ఇంకా వేయలేదు. ఒకటో నెంబరు తనదేనని ఇప్పటికే ఇద్దరు అంటున్నారు.