ఒక్క రక్తపు చుక్క వెంట వెళ్తే నెఫ్రాన్ అర్థమైంది

ఫ్రెండ్స్, నీట్ మొదటిసారి రాసినప్పుడు విసర్జన పాఠం నాకు అసలు పట్టుబడలేదు. అందులో ముఖ్యమైంది నెఫ్రాన్, అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేసే సన్నటి గొట్టం. అభివాహి, అపవాహి, అవరోహ, ఆరోహ... ఒకేలా వినిపించే మాటలన్నీ బట్టీ పట్టాను. హాల్లో టెన్షన్‌కి తారుమారయ్యాయి. నెఫ్రాన్‌లో U ఆకారంలో వంగే భాగం, హెన్లీ శిక్యం మీద ప్రశ్న తప్పు పెట్టి నాలుగు మార్కులు పోగొట్టుకున్నాను, పైగా ఒకటి మైనస్.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. మా దగ్గర ఇద్దరు కలిస్తే "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అనడుగుతారు. అది కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం. పెదనాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. లాంగ్ టర్మ్‌లో ఉండగా ఒకరోజు తోడు వెళ్లాను. చేతి మీది ఫిస్టులాపై (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోట) వేలు పెడితే జుయ్‌మని అదురుతోంది. గొట్టాల్లో రక్తం వెళ్లి రావడం నాలుగు గంటలు చూశాను. ఆ రాత్రే పుస్తకం మళ్లీ తెరిచాను.

ఈసారి ఒక్క రక్తపు చుక్క వెంట వెళ్లాను. లోపలికొచ్చే అభివాహి ధమనిక (చిన్న ధమని) వెడల్పు, బయటికి పోయే అపవాహి సన్నం. పోయే దారి ఇరుకు కాబట్టి మధ్యలో ఉన్న సన్నటి రక్తనాళాల ఉండ, గ్లోమరులస్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికే నీరు, లవణాలు, గ్లూకోజ్, యూరియా, క్రియాటినిన్ దాని చుట్టూ గిన్నెలా ఉన్న బౌమన్ గుళికలోకి వడపోతగా దిగుతాయి. రక్తకణాలు, ప్రోటీన్లు దాదాపు అన్నీ ఆగిపోతాయి. ఆపేవి మూడు పొరలు: కేశనాళిక గోడ, ఆధార త్వచం, కేశనాళికల్ని చుట్టుకున్న పోడోసైట్ కణాల పాదాల మధ్య సన్నటి సందులు. మూత్రంలో ప్రోటీన్ పోతోందంటే డాక్టర్లు ఎందుకు కంగారు పడతారో ఇక్కడే తెలిసింది.

వడపోత నిమిషానికి 125 మి.లీ. దీన్ని బట్టీ పట్టకండి, 60తో, 24తో గుణించి చూడండి. రోజుకి 180 లీటర్లు! మూత్రం మాత్రం లీటరున్నరే. గుళిక తర్వాత వచ్చే మెలికల గొట్టం, సమీప సంవళిత నాళంలోనే గ్లూకోజ్ అంతా, నీరు, లవణాల్లో ఎక్కువ భాగం రక్తంలోకి తిరిగొస్తాయి. క్రియాటినిన్ మాత్రం వెనక్కి రాదు. అందుకే వడపోత తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. మా ఊరివాళ్లు అడిగే అంకె అదే.

హెన్లీ శిక్యానికి నా గుర్తు: దిగేటప్పుడు (అవరోహ) నీళ్లు పోతాయి, ఎక్కేటప్పుడు (ఆరోహ) ఉప్పు పోతుంది.

రోజూ పొద్దున్నే పుస్తకం చూడకుండా నెఫ్రాన్ గీసేవాణ్ణి, రక్తానికి ఎర్ర పెన్ను, వడకట్టిన ద్రవానికి నీలం పెన్ను. మీరూ గీయండి, గీసి ఇంట్లో ఎవరికైనా చెప్పండి. పెదనాన్నకి చెప్తే, "మరి నన్ను నీళ్లు తక్కువ తాగమంటారేంరా?" అన్నాడు. బొమ్మ మళ్లీ మొదటినుంచి గీశాను. గ్లోమరులస్ దగ్గర వడపోతే లేకపోతే తాగిన నీళ్లు పోయే దారి లేదు పెదనాన్నా, కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి అని చూపించాను.